ఎంగిలి చెప్పే చుట్టరికం

భోజనాలవేళ పసివాడు నాన్నగారి కంచంలో చెయ్యి పెడితే ఎవరూ కసురుకోరు. అమ్మ కొరికి యిచ్చిన జామపండంటే వాడికి మరీ ముద్దు. అదే దారినపోయే వారెవరైనా కొరికిన పండు చేతికిస్తే మనం వూరుకుంటామా? మా ఆఫీసులో ఏళ్ళ తరబడి ఒకే బల్లమీద టిఫిను డబ్బాలు విప్పుకొనే మిత్రులం కూడా, చెయ్యి పెట్టకముందే పక్కవారికి వడ్డిస్తాము.

ఈ ఎంగిలికి మన యిరుగుపొరుగు భాషలన్నిటా మాట వున్నది. కన్నడిగులు ఎంజలు అంటారు, తమిళులు ఎచ్చిల్ అంటారు, మరాఠీవారు ఉష్టే అంటారు.

ఎంగిలి ఎవరి మధ్య చెల్లుతుందో పిల్లలకు ఎప్పుడు తెలుస్తుంది? అమెరికాలో ఆష్లీ థామస్, ఎలిజబెత్ స్పెల్కీ, రెబెకా సాక్స్ మొదలైన పరిశోధకులు దీనిని పరీక్షించి 2022లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ఏడాది నిండని పసివారికీ, ఏడాదిన్నర పిల్లలకూ ఒక ఆట చూపించారు. ఒకామె తోలుబొమ్మవంటి చేతిబొమ్మతో కమలాపండు ఎంగిలిగా పంచుకొన్నది. వేరొకామె అదే బొమ్మతో బంతి ఆడింది. పిమ్మట యిద్దరి నడుమ వున్న బొమ్మ ఏడ్చింది. పిల్లలు ముందుగానూ, ఎక్కువసేపూ పండు పంచుకొన్నామె వంకే చూశారు. ఓదార్చవలసినది ఆమే అని వారి ఎదురుచూపు!

అది తిండి మహిమేనేమో అన్న సందేహమూ తీర్చుకొన్నారు. ఈసారి ఒకామె తన నోట్లో వేలు పెట్టుకొని ఒక బొమ్మ నోట్లో పెట్టింది. రెండవ బొమ్మకు మాత్రం తన నుదురు తాకి, దాని నుదురు తాకింది. ఆమెకే బాధ కలిగినప్పుడు, పిల్లలు ఎంగిలి పంచుకొన్న బొమ్మవైపు చూశారు. చుట్టరికాలు ఎవరూ చెప్పకుండానే, మాటలు రాకముందే పసివారు పెద్దల నడవడినుంచి వాటిని చదువుకొంటున్నారన్నమాట.

పిల్లలకు ఎంగిలి పెట్టమని దీని అర్థం కాదు. పళ్ళు పుచ్చజేసే సూక్ష్మజీవులు ఎంగిలివల్ల సంక్రమిస్తాయని వైద్యులు హెచ్చరిస్తున్నారు. మాకు తోచినది వేరొకటి. బిడ్డను రోజంతా ఎత్తుకొని, ముద్దలు తినిపించి, జోకొట్టే ఆయాకు చాలా యిళ్ళలో గూట్లో విడిగా ఒక గ్లాసు వుంటుంది. ఏడిస్తే పరుగున వచ్చేది ఆమె. విడిగా బోర్లించేది ఆమె గ్లాసు. ఆ చంకలోనుంచే బిడ్డ రెండూ చూస్తున్నది.

ఆ గ్లాసును మన గ్లాసులతో కలిపి కడిగి బోర్లిస్తే మనకు పోయేదేమున్నది?