ఉపగ్రహానికి తెలియని వంక

పటం గీయడం సర్వేయరు పని, మధ్యలో రైతుకేం సంబంధం అని మిత్రులు అడగవచ్చు. సమాధానానికి దూరం పోనక్కరలేదు. మన హార్స్లీ హిల్స్‌నే చూడండి. ఆ పేరు 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్లీ గారిది. మా పెద్దలకది ఏనుగు మల్లమ్మ కొండ. పటం ఎవరు రాస్తే వారి పేరే అచ్చులో నిలిచింది.

పూర్వం సర్వేయరు ఆయుధం గొలుసు. పొడవు 66 అడుగులు, 100 లింకులు. ఒక గొలుసు వెడల్పు, 10 గొలుసుల పొడవు ఉన్న నేల ఎకరం. ఇప్పుడు గొలుసు స్థానంలో ఉపగ్రహం వచ్చింది. సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తునుంచి అది పంపే సంకేతం ఎంతసేపటికి చేరిందో కొలిచి ఫోను దూరం లెక్కకడుతుంది. కాంతివేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు గనుక, గడియారంలో సెకనులో పదిలక్షలో వంతు తేడా వస్తే దూరం 300 మీటర్లు తప్పుతుంది! అందుకే మూడు ఉపగ్రహాలు చాలవు. ఫోను గడియారాన్ని సరిచేయడానికి నాలుగోది కావాలి. ఇంత చేసినా బయలులో మామూలు ఫోను అయిదు మీటర్ల దాకా అటూ ఇటూ చూపుతుంది. మా చేని గట్టేమో రెండడుగులు. ఇక గట్టు తగాదా ఫోనుతో ఏం తీరుతుంది?

2020 డిసెంబరు 21న అప్పటి కృష్ణా జిల్లా తక్కెళ్ళపాడులో మొదలైన భూముల రీసర్వేలో వాడిన రోవరు వేరు. చోటు కచ్చితంగా తెలిసిన స్థిరకేంద్రం నుంచి సవరణలు అందుకొని అది సెంటీమీటర్లలో చెబుతుంది. అయితే తాను ఎక్కడ నిలబడిందో రోవరుకు తెలుసు గానీ, అక్కడ నిలబడడం న్యాయమా కాదా అన్నది తెలియదు. అది చెప్పవలసింది ఇరుపక్కల రైతులు. మా పక్క మగవాళ్ళు చాలామంది కూలికో ఉద్యోగానికో బెంగుళూరులో ఉంటారు. నిత్యం కలుపు తీసే ఆడవాళ్ళకు హద్దురాయి ఏ కంపకింద ఉందో తెలుసు. వాళ్ళను పిలిచి అడిగేవారే తక్కువ. మా అవ్వను కదిపితే "ఆ రాయి యాడుండాదో నాకు తెలీకుంటే ఇంకెవురికి తెలుస్తుందిరా?" అంటుంది.

మరి ఫోను ఎందుకు పనికొస్తుంది? చెరువుకు నీళ్ళు తెచ్చే వంక, మొరవ, ఎండిన బావి, శ్మశానం దారి, వీటికి అది చాలు. ఎండిన వంక ఆకాశం నుంచి తీసిన ఫోటోలో కంపచెట్ల వరసలా ఉంటుంది. చదునుచేసి చేనులో కలిపేసుకుంటే అదీ కనిపించదు. వాన పడినరోజు నీళ్ళు ఎటు పారేవో పెద్దలకే గుర్తు. ఓ.డి.కె. కలెక్ట్ అనే ఉచిత సాధనంలో ప్రశ్నలు తెలుగులోనే రాసుకోవచ్చు. సిగ్నలు లేని కొండపక్కన నింపి, ఊళ్ళోకి వచ్చాక పంపవచ్చు. 2004లో ఇంగ్లండులో పుట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనైతే ఎవరైనా తమ ఊరిని చేర్చవచ్చు. 2010లో హైతీ భూకంపం తర్వాత దేశదేశాల వాలంటీర్లు అక్కడి వీధులు గీసింది అందులోనే.

మన రైతులకిది మరీ కొత్త కాదు. 2003 తర్వాత ఎఫ్.ఏ.ఓ. తోడ్పాటుతో, చిత్తూరుతో సహా ఏడు జిల్లాల్లో రైతులే వానను, బావుల నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు నీళ్ళలెక్క కట్టారు. ఎంత నీరుందో చూసుకొని ఏ పంట వేయాలో ఎవరికి వారే తేల్చుకున్నారు. లెక్క రైతు చేతిలో ఉండడమే అందులోని గొప్ప. ఇప్పుడేమో వివరాలు ఊరివి, పటం మరొకరి కంప్యూటరులో అయ్యే ప్రమాదముంది. కాబట్టి పంపేముందు రచ్చకట్ట దగ్గర అందరికీ చదివి వినిపించాలి. ఎవరి బోరు ఎంత లోతో వాళ్ళను అడగకుండా బయటపెట్టరాదు.

రాబోయే సేవాశిబిరంలో మనం ఒక్క చెరువును ఎంచుకుందాం. పదిమందిమి, దారి చూపడానికి ఇద్దరు పెద్దవాళ్ళు చాలు. నడవాల్సింది ఎండాకాలంలో, వంకలో నీళ్ళు లేనప్పుడు. చెప్పులు గట్టివి వేసుకురండి, కంపముళ్ళు జాస్తి.