సగంలో ఆపేసినా చేటు చేయని వీడియో

కొన్నేళ్ల క్రితం ఒక కిసాన్ మేళాలో మొక్కజొన్న రైతు ఒకరు మా ప్రదర్శనశాల దగ్గరకు వచ్చి, "సార్, మీ వీడియోలో చెప్పిన మందే కొట్టాను. కత్తెర పురుగు చావలేదు" అన్నారు. మందు పేరు సరిగానే చెప్పారు, మోతాదూ తప్పలేదు. ఎలా పిచికారీ చేశారని అడిగాను. వరి మీద కొట్టినట్టే గొట్టాన్ని అటూ ఇటూ ఊపుతూ ఆకుల పైపైన తడిపారట. పగటిపూట ఈ పురుగు ఎక్కువగా ఆకు సుడి లోపల దాగి ఉంటుంది. దాని విసర్జితాలు రంపపు పొట్టులా సుడిని కప్పేస్తాయి. మందు సుడిలోకి దిగితే తప్ప పురుగుకు తగలదు. "ఆ సంగతి కూడా వీడియోలో చెప్పాం కదండీ" అన్నాను, కొంచెం నొచ్చుకుంటూ. ఆయన తడుముకోకుండా, "మందు పేరు రాసుకుని ఆపేశాను సార్. చేలో పనుంది" అన్నారు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆ వీడియో గణాంకాలు తెరిచాను. ప్రతి వీడియోకూ ఏ క్షణాన ఎంతమంది మిగిలి ఉన్నారో యూట్యూబ్ ఒక గీతగా చూపుతుంది. మాది 11 నిమిషాల వీడియో. మొదట విశ్వవిద్యాలయ చిహ్నం, సంగీతం. తరువాత నా నమస్కారం, పరిచయం, దేశంలో మొక్కజొన్న ప్రాముఖ్యం. రెండో నిమిషం రాకముందే గీత కొండ దిగినట్టు దిగింది. తెర మీద మందు పేరు కనిపించిన చోట మాత్రం చిన్న గుట్టలా లేచింది. జనం ఆ ముక్కను వెనక్కి జరిపి మళ్లీ చూశారన్నమాట. ఆ తరువాత మళ్లీ జారింది. సుడిలో పడేలా పిచికారీ చేయాలని నేను చెప్పింది ఎనిమిదో నిమిషంలో. అక్కడ గీత దాదాపు నేలను తాకుతోంది.

తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే అర్థమైంది. మేము పాఠం చెప్పే వరుసలో వీడియో తీశాము. పురుగు వ్యాప్తి, జీవిత చక్రం, నష్టపరిచే విధానం, ఆపైన యాజమాన్యం. తరగతి గదికి ఆ వరుస సరైనదే. విద్యార్థికి హాజరు అవసరం, గంట మోగేదాకా లేచి వెళ్లలేడు. 1975-76లో ఉపగ్రహం ద్వారా 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందించిన 'సైట్' ప్రయోగంలో మన గ్రామాలు కూడా ఉన్నాయి. అప్పటి ప్రేక్షకులు ఊరుమ్మడి టీవీ ముందు కూర్చుని, వచ్చిందే చూసేవారు. ఇప్పుడు మన ప్రేక్షకుడు గట్టు మీద నిలబడి, ఒక చేత్తో ఫోను పట్టుకుని చూస్తున్నాడు. బొటనవేలు కదిలిందంటే మనం లేనట్టే.

ప్రేక్షకుణ్ణి నిలిపి ఉంచే కిటుకుల గురించి చెప్పేవారికి ఇవాళ కొదవ లేదు. మొదటి మూడు క్షణాల్లో ఆశ్చర్యపరచాలంటారు, అసలు విషయాన్ని చివరిదాకా దాచాలంటారు. వినోదానికి అది సరిపోవచ్చు. సినిమా పాట సగంలో ఆపినవాడు నష్టపోయేది లేదు. మన వీడియోను సగంలో ఆపినవాడు సగం సిఫారసుతో చేలోకి వెళతాడు. మందు పేరు తెలిసి పద్ధతి తెలియకపోతే ఖర్చు దండగ. ఎరలో కలపాల్సిన విషం తెలిసి జాగ్రత్త తెలియకపోతే ప్రాణాల మీదికే వస్తుంది. కాబట్టి ఎలా నిలపాలి అన్న ప్రశ్నకు ముందు, వెళ్లిపోయేవాడి చేతిలో ఏం మిగులుతుంది అన్న ప్రశ్న వేసుకోవాలని నా అభిప్రాయం. దీనికి జవాబు వెతికితే మొదటిదానికి జవాబు చాలావరకు దానంతటదే దొరికింది.

మరుసటి రబీలో, వరి కోసిన మాగాణిలో దుక్కి లేకుండా వేసిన మొక్కజొన్నలో ఆ వీడియోను మళ్లీ తీశాము. చిహ్నం లేదు, సంగీతం లేదు. తెర తెరుచుకోగానే ఒక చెయ్యి సుడి ఆకులను విడదీస్తుంది. లోపల తడితడిగా పొట్టు, దాన్ని కదిపితే పురుగు. దాన్ని అరచేతిలోకి తీసుకుని తల మీద తలకిందులుగా ఉన్న 'వై' ఆకారపు గుర్తును, తోక వైపు చతురస్రంలా ఉన్న నాలుగు నల్లని చుక్కలను దగ్గరగా చూపించాము. అర నిమిషంలోపే అయిపోయింది. ఎవరినీ ఆశ్చర్యపరచాలని చేసింది కాదు. తన చేలో పురుగు అదేనా కాదా అన్నది రైతుకు మొదట తేలాలి. అనుమానం తీరేదాకా మనిషి కదలడు.

దాని వెంటనే స్ప్రేయరు నాజిల్‌ను సుడి మీదకు వంచి కొట్టడం చూపించాము. ఆ దృశ్యం నడుస్తుండగానే మోతాదు, మందు పేరు చెప్పాము. పద్ధతి నుంచి పేరును విడదీయడానికి వీల్లేకుండా రెండింటినీ ఒకే దృశ్యంలో కట్టేశాము. మందు డబ్బాను మాత్రం విడిగా ఎక్కడా చూపలేదు. డబ్బా కనిపిస్తే చాలు, చూసేవారు దాన్ని ఫొటో తీసుకుని దుకాణానికి బయలుదేరుతారు.

మోతాదు దగ్గర మరో పాఠం నేర్చుకున్నాను. లీటరు నీటికి 0.4 గ్రాముల ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం ఎస్.జి. అని ముప్పై ఏళ్లుగా అలవాటైన గొంతుతో చెప్పేసేవాణ్ణి. రైతు లెక్క లీటర్లలో ఉండదు, ట్యాంకుల్లో ఉంటుంది. ఒకరి ట్యాంకు 10 లీటర్లు, మరొకరిది 16, ఇంకొకరిది 20. అందుకని 10 లీటర్ల ట్యాంకుకు 4 గ్రాములు, 20 లీటర్లదానికి 8 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీటికి 80 గ్రాములు అని వరుసగా తూచి చూపించాము. దశాంశ బిందువు చెవికి అందదు. త్రాసులో పోసిన పొడి కంటికి అందుతుంది.

విషపు ఎర విషయంలో ఇంకా జాగ్రత్త పడ్డాము. ఎదిగిన పురుగులకు 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, 2 నుంచి 3 లీటర్ల నీటితో కలిపి ఒక రోజు పులియబెట్టి, చల్లడానికి అరగంట ముందు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపి సుడుల్లో వేయాలన్నది సిఫారసు. కెమెరాకు ఇంతకన్నా అందమైన దృశ్యం దొరకదు. బెల్లం కరుగుతుంటే చూసేవారు కన్ను తిప్పరు. భయమంతా అక్కడే ఉంది. తవుడు, బెల్లం కలిసిన ముద్ద పశువుకు దాణా, కోడికి మేత, పసివాడికి తినుబండారం. మొదటిసారి తీసినప్పుడు ఈ హెచ్చరికను చివర అక్షరాల్లో వేశాము. రెండోసారి మాత్రం చేతికి తొడుగులు వేసుకుని, గిన్నెను గొడ్లకూ పిల్లలకూ అందని ఎత్తున పెట్టిన తరువాతే తవుడు పోశాము. హెచ్చరిక వినకుండా ఎర తయారీ చూసే వీలు లేదు.

తక్కిన హంగుల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఎండ నెత్తి మీదికి రాకముందే తీయాలి. చొక్కాకు తగిలించే చిన్న మైకు కొంటే గాలి హోరు తగ్గుతుంది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా రైతు ఓర్చుకుంటాడు, మాట వినపడకపోతే ఓర్చుకోడు. ఇక ఆచార్యుల ముఖం ఎంత తక్కువ కనిపిస్తే అంత మంచిది. ఇది నాకు మింగుడు పడటానికి కొంత సమయం పట్టింది.

ఎవరు మాట్లాడాలన్నది కూడా తక్కువ విషయం కాదు. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన సంస్థలో 2006లో మొదలైన డిజిటల్ గ్రీన్ ప్రయత్నంలో స్థానిక రైతులే వీడియోల్లో కనిపిస్తారు. ఊళ్లోని ఒకరు వాటిని చిన్న గుంపుకు చూపిస్తూ, మధ్యమధ్య ఆపి ప్రశ్నలడుగుతారు. తెర మీది రైతు ఎవరు, ఏ ఊరు అని చూసేవారు మొదట ఆరా తీసేవారట. మా రెండో వీడియోలో సుడి విడదీసిన చెయ్యి ఆ చేను రైతుదే. "సుడి కొరికేస్తోంది" అన్న ఆయన మాటనే ఉంచాము. నేను రాసిపెట్టిన "పత్రభాగాలను భక్షించును" అన్న వాక్యాన్ని ఆయన చదవలేక నవ్వేశారు.

శీర్షిక దగ్గర మా విద్యార్థులతో వాదన జరిగింది. "ఒక్క స్ప్రేతో కత్తెర పురుగు మాయం" అని పెడితే లక్షల మంది చూస్తారన్నారు. చూస్తారు, నిజమే. ఒక్క పిచికారీతో మాయం కానప్పుడు రెండోసారి మోతాదు రెట్టింపు చేసేదీ వారే. "మందు కొట్టినా పురుగు చావడం లేదా? సుడి విప్పి చూడండి" అని పెట్టాము. అనుకున్నంత మంది రాలేదు. వచ్చినవారు మాత్రం ముందుకన్నా ఎక్కువసేపు నిలిచారు.

నిలవడమే ఆచరణ అని నేను అనడం లేదు. చూసినవారి సంఖ్య కన్నా నాకిప్పుడు వ్యాఖ్యల్లో వచ్చే ప్రశ్నలే ముఖ్యం. "మందు పేరేంటి?" అని అడిగారంటే వీడియో చేరలేదని అర్థం. "పైరుకు 60 రోజులు దాటాయి, ఇంకా కొట్టవచ్చా?" అని అడిగితే ప్రాణం లేచివస్తుంది. మొలకెత్తిన ఎనిమిది వారాల తరువాత రసాయన పిచికారీ గిట్టుబాటు కాదన్న సంగతి దాకా ఆ రైతు ఆలోచన వచ్చిందన్నమాట. అలాంటి ప్రశ్నకు అదే రోజు జవాబు రాస్తాను.

పాత వీడియోను తొలగించాము. అయితే అంతకు ముందే ఎవరో దాన్ని దించుకుని, మందు పేరు వచ్చే 40 సెకన్ల ముక్కను మాత్రం కత్తిరించారు. అది ఇప్పటికీ వాట్సాప్ సమూహాల్లో తిరుగుతోంది. మొన్న రబీ మొదట్లో మా ఊరి బంధువు ఒకరు, నేనే అందులో మాట్లాడుతున్నానన్న సంతోషంతో, దాన్ని నాకే పంపారు.