ఇంటర్‌నెట్‌ వేగం ఎందుకు నిలకడగా ఉండదు?

ఉదయం ఆరు గంటలకు కంప్యూటరులో పాఠం చక్కగా నడుస్తుంది. రాత్రి తొమ్మిది గంటలకు అదే పాఠం, అదే కంప్యూటరు, అదే తీగ. అయినా బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. పరీక్ష దరఖాస్తు పంపవలసిన చివరి గడియలో తెరమీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. హనుమకొండలోను, కాజీపేటలోను, వరంగల్లులోను చాలా ఇండ్లవారికి ఇది ఎరిగిన బాధే. అప్పుడు సాధారణంగా తోచే ఉపాయం ఒక్కటే: మరికొంత రుసుము చెల్లించి పెద్ద పథకానికి మారడం. లోపమెక్కడ ఉన్నదో కనిపెట్టకుండా మారితే డబ్బు పోవచ్చు గాని బాధ పోదు.

మొదట కొలమానం తెలుసుకోవలె. ఇంటర్‌నెట్‌ వేగాన్ని సెకనుకు ఇన్ని మెగాబిట్లని చెబుతారు. ఒక మెగాబిట్‌ అంటే పది లక్షల బిట్లు. కాని కంప్యూటరులో దస్త్రాల పరిమాణం బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 100 మెగాబిట్ల పథకంలో సెకనుకు గరిష్ఠంగా 12.5 మెగాబైట్లు మాత్రమే దిగుతాయి. ఈ తేడా తెలియక, లోపం లేనిచోట లోపమున్నదని భ్రమపడేవారు ఉన్నారు.

ఇక వేగం మారడమెందుకు? నర్సంపేట దగ్గరి పాకాల చెరువును తలచుకొంటే విషయం సులభంగా బోధపడుతుంది. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన ఈ చెరువు నేటికీ పొలాలను తడుపుతున్నది. ఏ చెరువు కింద అయినా చివరి మడికి నీరు తగ్గితే కారణం మూడు చోట్ల ఉండవచ్చు: పొలంలోని బోదె పూడి ఉండవచ్చు, పై రైతులందరూ ఒకేసారి నీరు పెట్టుకొంటూ ఉండవచ్చు, తూము దగ్గరే నీరు తక్కువగా వదిలి ఉండవచ్చు. తూము పెద్దది చేసినంతమాత్రాన పూడిన బోదె పారదు. ఇంటర్‌నెట్‌ విషయమూ ఇటువంటిదే.

ఇంటిలోని బోదె కంప్యూటరుకు వచ్చే తీగ. దానిలో ఎనిమిది సన్నని రాగి తీగలు నాలుగు జంటలుగా పెనవేసి ఉంటాయి. సెకనుకు 100 మెగాబిట్లు పంపడానికి రెండు జంటలు చాలు. 1000 మెగాబిట్లకు నాలుగు జంటలూ కావలె. మిగిలిన రెండు జంటలలో ఒక్క పోగు తెగినా, కొనల యందలి యంత్రాలు తరచు 100 మెగాబిట్లకు దిగి పనిచేస్తాయి. చిరునామా మొదలైన అదనపు వివరాలు కూడా తీగలో ప్రయాణించవలె గనుక అప్పుడు కొలతలో 94 లేక 95 మెగాబిట్లే కనిపిస్తాయి. 200 మెగాబిట్ల పథకం ఉన్న ఇంట్లో ఏ వేళ చూసినా 94 దాటకపోతే, తీగనో, అది చేరే రంధ్రాన్నో అనుమానించవలె.

రెండవ కారణం పంపకం. వీధిలోనికి వచ్చే గాజు తంతువును సాధారణంగా అనేక గృహాలు పంచుకొంటాయి. విరివిగా వాడే ఒక పద్ధతిలో దాదాపు 2,500 మెగాబిట్లను 32 ఇండ్లకు పంచుతారు. అందరూ ఒకే క్షణంలో పూర్తిగా వాడితే ఇంటికి 78 మెగాబిట్లే వస్తాయి. అటువంటి క్షణం అరుదు. అయితే ఆపైన ఊరినుంచి ఊరికి పోయే మార్గాలు కూడా పంపకంలోనే ఉంటాయి. టెలిఫోను రద్దీని గణితంతో లెక్కగట్టిన డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఎర్లాంగ్‌ 1909లోనే ఇటువంటి సమస్యను పరిశీలించాడు. వేగం రాత్రి ఎనిమిది నుంచి పది వరకే తగ్గి తెల్లవారేసరికి కోలుకొంటే, కారణం చాలావరకు ఇంటి వెలుపలనే ఉంటుంది.

మూడవది ఇంటిలోనే ఏర్పడే వరుస. ఒకరు ఫోనునుంచి పెద్ద వీడియో పంపుతూ ఉంటే, ఇతరుల సమాచారం వెనుక వేచి ఉండవలసివస్తుంది. దీనిని భౌతికశాస్త్రంతో పట్టుకోవచ్చు. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. వరంగల్లునుంచి హైదరాబాదుకు 150 కిలోమీటర్లనుకొంటే, పోయిరావడానికి పట్టేది సెకనులో వెయ్యవవంతులు ఒకటిన్నర మాత్రమే. యంత్రాల ఆలస్యం కలిపినా కొద్ది వెయ్యవవంతులే. ‘పింగ్‌’ అనే పరీక్షలో ఈ కాలం హఠాత్తుగా 200 వెయ్యవవంతులకు పెరిగితే, దూరం పెరగలేదు; ఎక్కడో వరుస పెరిగింది. పంపిన పింగులలో కొన్నింటికి జవాబే రాకపోతే, వదులైన కొన లేక అతిగా వంచిన గాజు తంతువు కారణం కావచ్చు. తంతువును మలుపుగా వంచితే కాంతి కొంత బయటికి జారిపోతుంది.

పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక కాగితంమీద గళ్లు గీసి, వారం రోజులు ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదింటికి వేగాన్ని, పింగ్‌ కాలాన్ని వ్రాయవలె. కొలిచేటప్పుడు ఇంటిలోని ఇతర ఫోన్లు, టెలివిజను ఇంటర్‌నెట్‌ వాడకుండా ఆపవలె. ఒక్కొక్క కొలతను మూడుసార్లు తీసుకోవలె. తరువాత తీగ మార్చి చూడవలె. ఆపైన రంధ్రం, ఆపైన వేరొక కంప్యూటరు. ఒక్కసారికి ఒక్కటే మార్చవలె. రెండింటిని కలిపి మారిస్తే, బాగైనా ఏది బాగుచేసిందో తెలియదు.

ఉపాధ్యాయులు తరగతిలో విద్యార్థులచేత ఇంటింటి కొలతలను రేఖాపటంగా గీయించవచ్చు. ఎప్పుడూ ఒకే ఎత్తున ఆగే రేఖ తీగను, రాత్రి మాత్రమే వాలే రేఖ పంపకాన్ని, అడ్డదిడ్డంగా ఎగిరిపడే రేఖ వదులైన కొనను సూచిస్తుంది. సేవాసంస్థకు ఫిర్యాదు చేసేటప్పుడు ‘చాలా మెల్లగా వస్తున్నది’ అన్న మాటకంటె, తేదీలు, గంటలు, అంకెలు గల ఆ కాగితానికే బలమెక్కువ. పెద్ద పథకం కొనవలెనా, కొత్త తీగ కొనవలెనా అన్నది కూడా ఆ కాగితమే చెబుతుంది.