హోటల్ గదిలో నిద్రలేని రాత్రి

ఆమధ్య వేసవిలో బంధువుల వివాహానికై కుటుంబసమేతంగా విజయవాడ వెళ్ళి, ఒక హోటల్లో బస చేయవలసి వచ్చింది. గదినిండా ముక్కవాసన, కుళాయిలో ఆగి ఆగి వచ్చే నీరు, కిటికీ తెరిస్తే దోమలు. ఒక్క రాత్రికే గదా అని సరిపెట్టుకున్నాము. అక్కడి భోజనశాలలోనే చల్లారిన కూర, పలుచని మజ్జిగతో భోజనం ముగించి పడుకున్నాము.

అర్ధరాత్రి దాటేసరికి మా ఆరేళ్ళ అబ్బాయికి విరేచనాలు పట్టుకున్నాయి. గంటలో నాలుగుసార్లు! పెదవులు ఎండి, "నాన్నా, దాహం" అంటూ వాలిపోయాడు. "విరేచనాలు కట్టేవరకు నీళ్ళివ్వవద్దు" అన్నాను కంగారుగా. మా అమ్మ నా మాట కొట్టిపారేసి, "ఒరేయ్, ఒంట్లోంచి పోయేది నీళ్ళేరా! ఆ నీళ్ళే ఆపితే పిల్లవాడేమవుతాడు?" అన్నది.

గదిలోని కెటిల్‌తో నీరు మరగకాచి చల్లార్చి లీటరు సీసా నింపింది. తన ప్రయాణపు సంచిలోంచి పంచదార ఆరు టీ చెంచాలు, ఉప్పు అర టీ చెంచా, తలకొట్టి కొలిచి కలిపింది. కొద్దికొద్దిగా చెంచాతో పట్టించింది. మధ్యలో ఒకసారి వాంతి అయితే పది నిమిషాలాగి, మరింత నిదానంగా మళ్ళీ మొదలుపెట్టింది. తెల్లవారుజామున వాడు మూత్రానికి లేచేవరకు నా ప్రాణం కుదుటపడలేదు. ఉదయమే వైద్యునికి చూపించాము.

ఆయుర్వేదం దీనిని అతిసారమంటుంది. చరకసంహిత చికిత్సాస్థానంలో దీనికొక అధ్యాయమే ఉన్నది. పేలాల జావ వంటి తేలికపాటి ఆహారం ఇందులో పథ్యం. వాము నీరు కడుపునొప్పికి కొంత ఉపశమనమిస్తుందేమో గాని, పోయిన నీటిని, లవణాలను భర్తీ చేయలేదు.

పాఠకులొక సంగతి గుర్తుంచుకోవాలి. ఉప్పు పాలు మించితే ప్రమాదం, కనుక ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే అదే శ్రేష్ఠం. కలిపిన నీటిని 24 గంటలు దాటి వాడరాదు. మలంలో రక్తం, అధిక జ్వరం, ఆగని వాంతులు, మూత్రం రాకపోవడం, కళ్ళు లోతుకుపోవడం, మగత కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక తక్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. చంటిబిడ్డల విషయంలో అసలే ఉపేక్ష కూడదు.

ఇప్పుడు మేము ఏ ఊరు వెళ్ళినా బట్టలకంటే ముందు రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, ఒక టీ చెంచా సంచిలో చేరుతున్నాయి.