కార్డు చేయి మారితే

పింఛను పడ్డ రోజు ఏటీఎం దగ్గర మన పెద్దమనుషులు కనిపిస్తారు. మూడు షిఫ్టుల్లో మగ్గాలు నడిపిన చేతులే, ఈ మిషను ముందు మాత్రం తడబడతాయి. తెర మీద హిందీ, మరాఠీ, ఇంగ్లీషు. మన లిపి చాలాచోట్ల కనబడదు. అప్పుడు వెనక నిలబడ్డవాడు సాయం చేస్తానంటే దేవుడు పంపినట్టే ఉంటది.

కామాఠీపురాలో ఒక తాతకు అట్లాగే జరిగింది. 1982 సమ్మె చూసిన మిల్లు మనిషి. కార్డు రెండుసార్లు పెట్టినా పైసలు రాలేదు. "చాచా, ఇధర్ దో" అని ఒక పిలగాడు కార్డు అందుకున్నాడు. పిన్ను తాతే నొక్కాడు, వాడు పక్కనుంచి చూశాడు. "మిషన్ ఖరాబ్ హై" అంటూ కార్డు తిరిగి చేతిలో పెట్టాడు. అదే రంగు, అదే బ్యాంకు. పేరు మాత్రం వేరే ఎవరిదో. ఆ గుంపులో కార్డు మీద పేరు ఎవరు చదువుతారు?

సాయంత్రం ఫోనుకు మెసేజి వచ్చింది. పదివేలు పోయాయని పక్క ఖోలీ అమ్మాయి చదివి చెప్పింది. "మావోళ్ళకు చెప్పకు బిడ్డా" అన్నాడట. కోడలు ఏమంటదోనని భయం. అర్ధరాత్రి దాటగానే మళ్ళీ పదివేలు. రోజుకు ఇంత అని ఏటీఎంలో హద్దు ఉంటుంది కదా, తేదీ మారగానే అది కొత్తగా మొదలవుతుంది. దొంగలకు ఈ లెక్క బాగా తెలుసు. తాత నోరు విప్పింది మూడోనాడు. అప్పటికి ముప్పై వేలు.

ఒకప్పుడు కార్డు వెనక నల్లపట్టీని చిన్న యంత్రంలో గీకి నకలు తీసేవాళ్ళు. హోటల్లోనో పెట్రోలు బంకులోనో కార్డు మన కంటికి దూరమైతే చాలు. అందుకే చిప్పు కార్డులు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2018 డిసెంబరు 31 గడువు పెట్టింది. చిప్పుకు నకలు తీయడం కష్టమే. కానీ కార్డునే మార్చేస్తే నకలెందుకు? మిషనుకు తాకిస్తే చెల్లిపోయే కార్డు పోతే, ఒక్కోసారికి 5,000 రూపాయల దాకా పిన్ను కూడా అక్కర్లేదు. వద్దనుకుంటే బ్యాంకులో చెప్పి ఆ సౌకర్యం ఆపించుకోవచ్చు.

పోయిన డబ్బు ఎవరి నెత్తిన పడాలో రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఆదేశం ఇచ్చింది. మన తప్పు లేకుండా పోతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మనకు నష్టం ఉండకూడదు. మన అజాగ్రత్త వల్ల పోతే, చెప్పేదాకా పోయింది మనది, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. తప్పు మనదేనని రుజువు చేయాల్సిందీ బ్యాంకే. పక్కనుంచి దొంగచూపు చూస్తే అది ముసలాయన అజాగ్రత్తా? నాకైతే ఒప్పబుద్ధి కాదు. ఏమైనా, ఆ సాయంత్రమే చెప్పి ఉంటే తర్వాతి ఇరవై వేలు తాత మీద పడేవి కావు.

ముందు బ్యాంకుకు ఫోను చేసి కార్డు బందు పెట్టించాలి, వెంటనే 1930కి చెప్పాలి. బ్యాంకు నంబరు కార్డు వెనకే ఉంటుంది గానీ, కార్డే పోతే? గోడ మీది క్యాలెండరులో రాసిపెట్టుకోండి.

తాత ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. ఇప్పుడు ఏటీఎంకు మనవరాలిని వెంటబెట్టుకుని పోతున్నాడు. పిన్ను నొక్కేటప్పుడు ఆ పిల్లను కూడా అటు తిరగమంటాడు.