ఆంగ్రు పెన్సిలు రేఖలు

చిత్రమనగా రంగులే యని తలచువారు పెక్కురు. పెన్సిలుతో గీచిన మానవాకారమును వారు పటమునకు సన్నాహముగా నెంచుదురే కాని పటముగా నెంచరు. ఈ భావము సరికాదని ఫ్రెంచి చిత్రకారుడగు ఆంగ్రు (1780–1867) చరిత్రము తెలుపుచున్నదని మా యభిప్రాయము.

ఆ పనిముట్టు చరిత్రమును తెలిసికొనదగినదే. మేలైన గ్రాఫైటు అప్పుడు ఇంగ్లాండునుండి వచ్చుచుండెను. 1793లో ఉభయదేశములకు యుద్ధము సంభవింపగా ఫ్రాన్సునకు ఆ సరకు నిలిచిపోయెను. 1795లో కోంతే యనునతడు గ్రాఫైటు పొడిని బంకమన్నుతో కలిపి, కడ్డీలుగా జేసి, కొలిమిలో కాల్చు పద్ధతిని కనిపెట్టెను. మన్ను హెచ్చినకొలది కడ్డీ గట్టిపడును, గీత లేతబడును. నేడు బడిపిల్లల చేతనున్న పెన్సిలునకు మూలమిదియే.

ఆంగ్రు 1801లో రోము బహుమానమును గెలిచి, 1806లో ఆ నగరము చేరెను. 1815లో నెపోలియను పతనమైన పిమ్మట, ఫ్రెంచి యధికారుల పోషణ తప్పి, యాత్రికుల రూపములను పెన్సిలుతో గీచి జీవించెను. ముఖమును వెండ్రుకవాసి తప్పక తీర్చి, దుస్తులను కొన్ని గీతలతో సూచించి విడుచుట ఆయన రీతి. చిన్న పటములు గీయువాని యిల్లిదియేనా యని యడిగినవానితో, ఇచ్చట నున్నవాడు వర్ణచిత్రకారుడని కసరెనని చెప్పుదురు. కూటికై చేసిన ఆ పనిని ఆయనయే చులకన చేసెను. అయినను 1819లో గీచిన వయొలిను విద్వాంసుడు పాగనీనీ రూపము నేడు పారిసులోని లూవ్రు చిత్రశాలకు అలంకారమై యున్నది.

అకాడెమీ శిక్షణలో విద్యార్థి మొదట అచ్చుపటములను, పిదప సున్నపు ప్రతిమలను, తుదకు ఎదుట నిలిచిన మనుష్యుని జూచి గీయవలెను. ఈ మార్గమున పెరిగి, పిమ్మట దానికే పెద్దదిక్కైన ఆంగ్రు, 1814 నాటి 'ఒడలిస్కు' పటమున స్త్రీ వీపును సాగదీసెను. 1819లో దానిని ప్రదర్శింపగా, వెన్నుపూసలు మూడెక్కువైనవని విమర్శకులు ఎగతాళి చేసిరి. అది యజ్ఞానమువలన కలిగిన దోషమా? ఆయన పెన్సిలు కాగితములను జూచినవా రట్లనజాలరు. సజీవాకారమును అంత శ్రద్ధతో నెరిగినవాడు తెలిసియే రేఖ సొంపునకై కొలతను దాటెననుట న్యాయము.

1839లో ఒక ఫ్రెంచి ప్రభువు డాంపియేరు భవనపు గోడపై 'స్వర్ణయుగము'ను చిత్రింప ఆయనను కోరెను. అందులకై ఆంగ్రు వందలకొలది ఆకారములను పెన్సిలుతో గీచెను. 1849లో భార్య మరణించెను. గోడచిత్రము పూర్తికాకయే నిలిచిపోయెను. కాని ఆ కాగితములు మిగిలినవి. తాను పుట్టిన మోంతోబాను పట్టణమునకు ఆయన విడిచిపోయిన రేఖాచిత్రములు నాలుగువేలకు పైబడియున్నవి. వానియందు ఒకే భుజమునకు రెండుమూడు గీతలు కానవచ్చు చోట్లు కలవు. ముగిసిన వర్ణచిత్రము ఈ తడబాటులను కప్పివేయును. పెన్సిలు కాగితము వానిని దాచదు. కావున చిత్రశాలలకు పోవు చదువరులు రంగుపటములయెదుట మాత్రమే నిలువక, ఇట్టి కాగితములయొద్దను ఒక గడియ నిలుతురుగాక.