మిల్లు మూతపడునట!

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో బియ్యపు మిల్లులు పంటను బట్టి నడచును. కృష్ణా డెల్టా ధాన్యము వచ్చినపుడు పని ముమ్మరమగును; ధాన్యము తరిగినపుడు యంత్రము మందగించును. అంతలో “మిల్లు మూతపడునట” అను వదంతి బయలుదేరును. పచారీకొట్టులో అరువు ఆగును. ఇంటిల్లిపాదికిని దిగులు పట్టును.

మనము మూడు మాటలను వేరుపరచి చూతము. పని లేక పనివానిని కొంతకాలము నిలిపియుంచుట లేఆఫ్. పనివానిని తొలగించుట రిట్రెంచిమెంటు. సంస్థనే శాశ్వతముగా మూయుట క్లోజరు. వదంతి వీనిని కలగలుపును, చట్టము కలుపదు.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమున 1953 లో చేర్చిన నియమము ప్రకారము, ఏడాది సేవ గలవానిని, అతని తప్పు లేకయే, తొలగింపవలెనన్న నెల ముందుగా వ్రాతపూర్వకమైన నోటీసో, దానికి బదులు నెల జీతమో ఈయవలెను. పైగా సేవచేసిన ప్రతి ఏడాదికి 15 దినముల సగటు వేతనము చొప్పున పరిహారము చెల్లింపవలెను. ఏడాదిలో 240 దినములు పనిచేసినను ఏడాది సేవగానే లెక్క. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతియు ఈ నియమములను నిలుపుకొన్నది.

అయితే తనంతట తాను రాజీనామా ఇచ్చినవానికి ఈ పరిహారము లేదు. పుకారునకు బెదరి కాగితము వ్రాసి యిచ్చినచో, పదేండ్ల సేవకు రావలసిన 150 దినముల వేతనము చేజారును. కావున వదంతి వినబడినపుడు నోటీసు వచ్చినదా అని మొదట అడుగుదము. అది చేతికి రానిదే దేనిమీదను సంతకము చేయకుందము.